ఎవరితో తింటే ఆ రుచి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో బడి పిల్లల పళ్లెంలోకి తిండి ఒక్క వంటింటి నుంచే రాదు. చేలోని పని, రేషన్ దుకాణం, బడి ముందు కిరాణం, పక్కన కూర్చున్న దోస్తు, వలస పోయిన అమ్మానాన్న... ఇందరి చెయ్యి పడితేగానీ అది నిండదు.

ఆగస్టు వచ్చిందంటే నడిగడ్డ పల్లెలు పొద్దు పొడవకముందే లేస్తాయి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతానికి విత్తన పత్తి పెద్ద ఆదరువు. ఊళ్లో అంతా ‘సీడ్ పత్తి’ అంటారు. సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గలు విప్పి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ‘క్రాసింగ్’ అని పిలిచే ఈ పని వారాల తరబడి రోజూ సాగుతుంది, ఒక్క పూట కూడా వాయిదా పడదు. పువ్వు ఆగదు కాబట్టి తల్లీ ఇంట్లో ఆగదు. పిల్లలు లేచేసరికి పొయ్యి చల్లారి ఉంటుంది. రాత్రి అన్నం మిగిలితే కారంపొడో, పచ్చడో కలుపుకుని తింటారు. మిగలకపోతే చాయలో బిస్కెట్లు ముంచుకుంటారు. అదీ కుదరని రోజున అమ్మ గూట్లో పెట్టి పోయిన పది రూపాయలు జేబులో వేసుకుని బడికి బయల్దేరతారు.

ఆ పది రూపాయలు ఎక్కడికి పోతాయో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. బడి ముందు కిరాణంలో ఐదు రూపాయల ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. ఉప్పు, నూనె, మసాలా పొడి, కొంచెం పిండి. పొట్ట నిండినట్టే ఉంటుంది, గంటలో మళ్లీ ఆకలేస్తుంది. ఆ ఆకలితోనే మధ్యాహ్నం దాకా పాఠాలు.

“మా వాడు పప్పు ముట్టడు, ఆకుకూర అంటే మొహం తిప్పుకుంటడు” అని పెద్దలు అంటుంటారు. ఆ నేరం పిల్లవాడి మీద వేయడం న్యాయం కాదు. పుట్టుకతో బిడ్డ తెచ్చుకునే ఇష్టం ముఖ్యంగా తీపి, చేదు అంటే మొదట్లో వెనకాడుతుంది. ఆపైన ఏది నోటికి హితవుగా ఉంటుందన్నది చుట్టూ ఉన్నవాళ్లు నేర్పేదే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లీఆన్ బర్చ్ 1980లో ప్రచురించిన ఓ ప్రయోగం ఈ సంగతిని తేల్చింది. శిశు తరగతి పిల్లల్లో ఎవరికి ఏ కూరగాయ ఇష్టమో, ఏది కాదో ముందు తెలుసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరినీ, తమకు నచ్చని కూరగాయనే ఇష్టంగా తినే ముగ్గురు నలుగురు పిల్లల మధ్య భోజనానికి కూర్చోబెట్టారు. ఎవరూ బతిమాలలేదు, బెదిరించలేదు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ పిల్లలు మొదట వద్దన్న కూరగాయ వైపే మొగ్గారు. దాదాపు ఇరవై ఏళ్లకు, 1999లో, ఆమే తన సహచరితో కలిసి ఇంకో మాట చెప్పారు: కళ్ల ముందు పెట్టి తినొద్దని కట్టడి చేసిన వస్తువు మీదికే పిల్లల మనసు ఎక్కువగా పోతుంది. తిట్టి మాన్పించడం కుదరదని మన అవ్వలకు ఎప్పుడో తెలుసు. పక్కన కూర్చుని తినిపించేవాళ్లు ఉండాలి. ఈ మూడు జిల్లాల్లో కొరతగా ఉన్నది ఆ పక్కన కూర్చునే మనిషే.

జొన్న పోయి అన్నం వచ్చె

ఈ నేల తిండి ఒకప్పుడు జొన్నది, సజ్జది, కొర్రది. పొద్దున గటకో అంబలో, రాత్రి జొన్నరొట్టె, పక్కన పుంటికూర పప్పు, పల్లీల కారం. కర్ణాటక సరిహద్దున ఉన్న గద్వాల వైపు రొట్టె ఇప్పటికీ బతికే ఉంది. పెద్దవాళ్ల పళ్లెంలో మాత్రమే బతికి ఉంది. పిల్లలకు తెల్లన్నమే అన్నం.

ఈ మార్పు పిల్లల మారాం వల్ల రాలేదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేద ఇంట రోజూ అన్నం వండగలిగే వీలు కలిగింది. ఆ బియ్యం ఎన్నో కడుపులను కాపాడింది, దాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. అయితే జొన్న కొనేవాళ్లు తగ్గారు, వేసేవాళ్లూ తగ్గారు. ఇంకో కారణం చెయ్యి. ఐదుగురు తినే ఇంట్లో రొట్టెలు తట్టాలంటే ఆడమనిషి గంటసేపు పొయ్యి ముందు కూర్చోవాలి. క్రాసింగ్‌కో, మిరప చేనుకో, ఉపాధి పనికో పోవాల్సిన మనిషికి ఆ గంట ఎక్కడిది? కుక్కర్‌లో బియ్యం వేస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. 2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం అన్నం మొదలైంది. 2025 ఉగాది వేళ రేషన్ దుకాణాల్లోనూ సన్నబియ్యమే ఇవ్వడం ప్రారంభించారు. ఇంట్లో, బడిలో, రేషన్‌లో మూడు చోట్లా అదే తెల్ల మెతుకు కనిపిస్తుంటే పిల్లలకు రొట్టె ముసలివాళ్ల తిండిగా, లేనివాళ్ల తిండిగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

అలాగని జొన్నను దేవతను చేసి మొక్కడమూ సరికాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకాంతియా 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. దక్కన్ పీఠభూమిలో జొన్న తప్ప మరొకటి దొరకని పేదల్లో పెల్లాగ్రా జబ్బు కనిపిస్తోందని అందులో గుర్తించారు. చర్మం నల్లబడి పగిలిపోవడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. జొన్న చెడ్డదని దీని అర్థం కాదు, జొన్న ఒక్కటే తిని బతకాల్సి రావడం చెడ్డది. నేడు అన్నం విషయంలోనూ జరుగుతున్నది అదే. పళ్లెం నిండా అన్నం, ఓ మూల పలుచని చారు. ధాన్యం పేరు మారింది, పళ్లెంలో పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు లేని లోటు మారలేదు.

పల్లీ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి మార్కెట్లకు యాసంగి పల్లి బస్తాలు కుప్పలుగా వస్తాయి. పల్లీలో నాలుగో వంతు మాంసకృత్తులే. కోడిగుడ్డు కొనలేని ఇంటికి అంతకన్నా దగ్గరి బలం లేదు. ఆ పంట లారీలెక్కి నూనె మిల్లులకు పోతుంది. దాన్ని పండించిన రైతు కొడుకు ఎక్కడినుంచో వచ్చిన పామాయిల్ చిప్స్ కొనుక్కుంటాడు. వేయించిన పల్లీలు, బెల్లం కలిపి గుప్పెడు జేబులో వేసి పంపడానికి ఖర్చు తక్కువే. అయినా ఆ అలవాటు సన్నగిల్లింది. దోస్తు చేతిలో రంగురంగుల ప్యాకెట్ ఉన్నప్పుడు పల్లీల పొట్లం బయటికి తీయడానికి పిల్లవాడికి నామోషీ.

అవ్వ చేతి బువ్వ

ఈ జిల్లాలున్న పాలమూరు పేరు చెబితే వలస గుర్తొచ్చిన రోజులున్నాయి. ముంబయి, పుణె, హైదరాబాద్‌లలో మట్టి పనికి, భవనాల పనికి ఇక్కడి నుంచి కుటుంబాలు కదిలిపోయేవి. జూరాల కాలువలు, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వలస తగ్గింది, పూర్తిగా ఆగలేదు. అమ్మానాన్న పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు.

అవ్వ దగ్గర పెరగడంలో మేలూ ఉంది. రొట్టె రుచి, పచ్చిపులుసు, చింతచిగురు పప్పు తెలిసిన పిల్లల్లో చాలామంది అవ్వ దగ్గర పెరిగినవాళ్లే. అయితే పళ్లు లేని అవ్వ తనకు నమలడానికి వీలుగా మెత్తగా వండుతుంది, ఒంట్లో ఓపిక లేని రోజున ఒక్క పూటే వండుతుంది. మనవడు ఏడిస్తే ఊరుకోబెట్టడానికి ఆమె దగ్గరున్న ఉపాయం కొంగు ముడి విప్పి చిల్లర ఇవ్వడం. ఊళ్లకు దూరంగా ఉన్న తండ్రి ఫోన్ చేసి “వాడడిగింది కొనియ్యి” అంటాడు. తాను దగ్గర లేని లోటు తీర్చడానికి ఆయనకు తెలిసిన దారి అది. ప్రేమే ప్యాకెట్ రూపంలో చేరుతున్నప్పుడు దాన్ని మానుకోమని పిల్లవాడికి చెప్పడం ఏ ఉపాధ్యాయుడికైనా కష్టమే.

పండుగలు, పబ్బాలూ అలవాట్లు నేర్పుతాయి. పీర్ల పండుగ మలీద, సంక్రాంతి సజ్జరొట్టె, జమ్మిచేడు జమ్ములమ్మ జాతర, దర్గాల దగ్గర కందూర్లు పిల్లలకు కలిసి తినడం నేర్పే సందర్భాలు. వాటితో పాటు కొత్త మర్యాదలూ చేరాయి. చుట్టం వస్తే కూల్‌డ్రింక్ తెప్పించకపోతే చిన్నతనం. పుట్టినరోజున తరగతిలో అందరికీ చాక్లెట్లు పంచాలి, కేకు కోయాలి. చేతిలో పైసలు లేకపోయినా అప్పు చేసి ఈ మర్యాదలు నడిపే ఇళ్లు ఎన్నో.

ఇక ఆడపిల్ల. చాలా ఇళ్లలో ఆమె వడ్డించి, తమ్ముడు తిన్నాక అమ్మతో కలిసి మిగిలింది తింటుంది. కూర అడుగంటితే పచ్చడితో సరిపెట్టుకోవడం ఆమెకు ఎవరూ నోటితో చెప్పరు, అమ్మను చూసి నేర్చుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 64.7 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో అది 70 శాతం. ఒక తరం తల్లుల లోటు తర్వాతి తరం బిడ్డల ఒంట్లో కనిపిస్తోంది. దీనికి తోడు పొద్దునా, సాయంత్రం తిండితో పాటే చాయ తాగే అలవాటు. తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చాయలోని టానిన్లు అడ్డుపడతాయి. చాయకు బదులు ఒక జామపండో, అన్నంలో నిమ్మకాయ పిండుకోవడమో ఉంటే ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది.

పత్తి చేలో ఆడపిల్లల కష్టం గురించి పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు రెండు దశాబ్దాలకు పైగా రాస్తూ వచ్చారు. క్రాసింగ్‌కు పిల్లల్ని రప్పించడానికి చాక్లెట్లు, బిస్కెట్లు, రిబ్బన్లు ఆశ చూపేవారని ఆ అధ్యయనాల్లో నమోదైంది. బాల కార్మికుల సంఖ్య అప్పటికంటే తగ్గినా, సీజన్‌లో బడి హాజరు పడిపోవడం నడిగడ్డలో ఉపాధ్యాయులందరికీ తెలిసిన సంగతే. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. చేనుకు పోయిన పిల్ల పాఠం ఒక్కటే పోగొట్టుకోదు. ఆ రోజు బడిలో పెట్టే పప్పునూ గుడ్డునూ కూడా పోగొట్టుకుంటుంది.

బడి పంక్తి

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. ఈ జిల్లాల్లో ఎందరో పిల్లలకు రోజు మొత్తంలో వేడిగా, కూరతో, నలుగురి మధ్య కూర్చుని తినే భోజనం అదొక్కటే. ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. పై తరగతుల్లో 150, 30, 75 గ్రాములు. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు.

బర్చ్ ప్రయోగశాలలో చూసింది ఇక్కడ రోజూ జరుగుతుంది. ఇంట్లో ఆకుకూర పప్పు వద్దనే పిల్లవాడు పంక్తిలో అందరితో పాటు తినేస్తాడు. ఎదురుగా ఉన్నవాడు గుడ్డు పక్కన పెడితే తానూ పెడతాడు. శనివారం వేంకటేశ్వరుడికి, సోమవారం శివుడికి అని వారాలు పట్టే ఇళ్ల పిల్లలు ఆ రోజు గుడ్డు తినరు. నాన్న అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు ఇంటిల్లిపాదికీ నియమమే. నమ్మకాన్ని గౌరవించాలి, పిల్లకు లోటు రాకూడదు. ఆ రోజుల్లో అరటిపండుతో పాటు గుప్పెడు పల్లీలో, ఉడికించిన శనగలో ఇవ్వగలిగితే రెండూ కుదురుతాయి.

ఊరి మాట ఎంత బలమైనదో బలవర్ధక బియ్యం విషయంలో తెలిసింది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి తయారు చేసిన గింజలను నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. అవి నీళ్లలో తేలడం చూసి “ప్లాస్టిక్ బియ్యం” అన్న పుకారు తెలంగాణలో పలుచోట్ల పాకింది. తల్లులు కూర్చుని ఆ గింజలను ఏరి పారబోశారు. రక్తం పట్టడానికి వేసిన గింజే చెత్తలోకి పోయింది. తల్లులకు ముందే ఒక్కసారి పిలిచి చూపించి ఉంటే ఇది జరిగేది కాదు.

కులం కూడా పంక్తిలో కూర్చుంటుంది. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో ప్రచురించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో మధ్యాహ్న భోజనం దగ్గర, రేషన్ దుకాణాల దగ్గర దళితులు ఎదుర్కొంటున్న వివక్షను లెక్కలతో చూపింది. వంట ఎవరు చేస్తున్నారన్నది చూసి బిడ్డకు ఇంటి నుంచే డబ్బా పంపే తల్లిదండ్రులు పిల్లలకు తిండితో పాటు మరో అలవాటు కూడా నేర్పుతున్నారు. ఒకే పంక్తిలో ఒకే అన్నం తిన్న పిల్లలు ఆ అలవాటును వదిలించుకోగలరు. మధ్యాహ్న భోజనం చేస్తున్న పెద్ద మేలు ఇది, పోషకాల పట్టికలో కనిపించదు.

ఇంత బరువు మోస్తున్న ఆ వంటకు మనం పెడుతున్నదెంత? 2025 మే నుంచి బియ్యం కాక వంట ఖర్చు ప్రాథమిక విద్యార్థికి 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10 రూపాయల 17 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరుకు అన్నీ అందులోనే. పిల్లవాడు కొనే రెండు చిప్స్ ప్యాకెట్ల కంటే ప్రాథమిక బడి భోజనం ఖర్చు తక్కువ. వండే మహిళకు నెలకు 3 వేల రూపాయల గౌరవ వేతనం, అదీ సమయానికి అందదు. బిల్లులు నిలిచిపోతే ఆమే కిరాణంలో అప్పు పెట్టి వండుతుంది. పప్పు పలచబడిందంటే ఆమె చేతి తప్పు కాదు. 2024 నవంబరులో పొరుగున నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. అలాంటిది ఒక్కసారి జరిగితే చుట్టుపక్కల మండలాల తల్లులంతా భయపడతారు. ఆ భయంలో బడి అన్నం మానిపించి చేతిలో పెట్టేది మళ్లీ ఆ పది రూపాయలే.

అడవి అంచున

నాగర్‌కర్నూల్ జిల్లాలో సగం కథ నల్లమలది. మన్ననూరు దాటి లోపలికి పోతే అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు (గూడేలు) వస్తాయి. 1940లో అమ్రాబాద్ కొండల్లో చెంచుల మధ్య ఉన్న మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వాళ్ల తిండి గురించి వివరంగా రాశారు. అడవి గడ్డలు, పండ్లు, ఇప్పపువ్వు, తేనె, వేట. పిల్లలు పెద్దవాళ్ల వెంట గడ్డపార పట్టుకుని తిరుగుతూ ఏది తినొచ్చో, ఏది కూడదో నేర్చుకునేవారు. తిండే వాళ్లకు బడి.

ఇప్పుడు చెంచు పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో అన్నం సాంబారు తింటున్నారు. చదువు రావాలి, ఆకలి తీరాలి, రెండూ మంచివే. 2024 డిసెంబరు 14న తెలంగాణ ప్రభుత్వం గురుకులాలు, హాస్టళ్లన్నింటికీ ఒకే మెనూ ప్రారంభించి, డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఏడో తరగతి లోపు పిల్లలకు నెలకు 950 రూపాయలు 1,330 అయింది, ఎనిమిది నుంచి పది వరకు 1,100 కాస్తా 1,540 అయింది. అవసరమైన పెంపు అది. అయితే రాష్ట్రమంతటా ఒకే మెనూ అన్నప్పుడు మన్ననూరు పిల్లకు తన అడవి రుచి ఎక్కడా ఎదురుపడదు. సెలవులకు పెంటకు వెళ్లిన పిల్ల గడ్డలు తినలేకపోతుంది, అక్కడ పప్పు కూరగాయలు దొరకవు, మళ్లీ చాయా బిస్కెట్టే గతి. గిరిజన సహకార సంస్థ చెంచుల దగ్గర కొనే తేనె పట్నం దుకాణాల్లో సీసాల్లో కనిపిస్తుంది. మొదట అది ఆ పిల్లల హాస్టల్ పళ్లెంలో కనిపించాలి.

చేయగలిగినవి

తమిళనాడు 2022 సెప్టెంబరు 15న మదురైలో ప్రభుత్వ ప్రాథమిక బడులకు ఉదయం అల్పాహారం మొదలుపెట్టింది. పొద్దున్నే పనికి పోయే తల్లుల బిడ్డల కోసమే ఆ ఆలోచన. దాన్ని చూసి తెలంగాణ కూడా 2023 అక్టోబరు 6న అలాంటి పథకాన్ని ప్రారంభించింది గానీ అది ఊరూరికీ చేరలేదు. రాష్ట్రమంతా ఒకేసారి కుదరకపోతే కనీసం క్రాసింగ్ సాగే నెలల్లో నడిగడ్డ మండలాల్లో, వలస ఎక్కువున్న గ్రామాల్లో, చెంచు పెంటల దగ్గరి బడుల్లో ముందుగా మొదలుపెట్టాలి. తల్లి ఇంట్లో లేని గంట ఏదో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. ఆ గంటకే తిండి కావాలి. పల్లి, జొన్న, సజ్జ, కంది అన్నీ ఇక్కడే పండుతున్నాయి. మహిళా సంఘాలతో పల్లీపట్టీలు చేయించినా, వారానికి రెండు రోజులు జొన్న ఉప్మా పెట్టినా ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. బడి పంక్తిలో కనిపించిన రొట్టె ఇక లేనివాళ్ల తిండిగా మిగలదు.

బడి ముందు దుకాణాల గురించి నిబంధన ఇప్పటికే ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి లోపల, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నియమం చేసింది. దుకాణదారు కూడా ఆ ఊరివాడే, అతనికీ బతుకుతెరువు కావాలి. ఉడికించిన శనగలు, పల్లీపట్టీలు, జామపండ్లు, సీజన్‌లో సీతాఫలాలు అమ్మితే పిల్లలు కొనేలా చేయడం పంచాయతీ, బడి కమిటీ కలిసి కూర్చుని మాట్లాడుకోగల పని.

జపాన్‌లో 1954 నుంచి బడి భోజనానికి చట్టం ఉంది. అక్కడ పిల్లలే వడ్డిస్తారు, టీచరు వాళ్లతోనే కూర్చుని అదే తింటారు. తిండి గురించి చదువు చెప్పడం బడి బాధ్యతని 2005లో మరో చట్టం చేశారు. మన దగ్గర కూడా ఉపాధ్యాయుడు ముందుగా రుచి చూడాలన్న నియమం ఉంది. ఒక ముద్ద రుచి చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టడం దగ్గర ఆగకుండా, పంక్తిలో కూర్చుని పూర్తిగా తినే ఉపాధ్యాయులున్న బడుల్లో వంట తీరే మారిపోతుంది. పప్పు చిక్కదనం గురించి అక్కడ ఫిర్యాదు రాయాల్సిన పని రాదు.

ఇది చదువుతున్నవారిలో ఈ మూడు జిల్లాలవారు ఎందరో ఉంటారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, ఇంకా దూరాన స్థిరపడినవారూ ఉంటారు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పుట్టినరోజు పేరుతో బడిలో చాక్లెట్లు పంచకండి. వంట చేసే అక్కకు ముందు రోజే చెప్పి, ఆ పూటకు కావాల్సిన పప్పు, గుడ్లు, పల్లీలు కొనివ్వండి. తర్వాత పిల్లల పక్కన నేల మీద కూర్చుని, వాళ్లు తినేదే మీరూ తినండి.